"అదిరింది తమ్ముడూ" అనే అబద్ధం

ముందు నా తప్పు నేను ఒప్పేసుకుంటా. ఆ తర్వాత మిమ్మల్ని నాలుగు మాటలనే హక్కు కాస్తైనా ఉంటుంది.

2025 సెప్టెంబరు నెలాఖర్లో, ఒకప్పుడు నా టీంలో పనిచేసిన కుర్రాడు ఒక లింకు పంపాడు. వాడూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ బంగారం లాంటి ఉద్యోగాలు మానేసి, ఏడాదిన్నర కష్టపడి, చిన్న వ్యాపారస్తుల కోసం బిల్లింగు సైటు కట్టారు. "అన్నా, లాంచ్ అయింది. మొహమాటం లేకుండా ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి" అని పాత ఆఫీసు వాట్సాప్ గుంపులో పెట్టాడు. పది నిమిషాల్లో చప్పట్లూ, రాకెట్లూ, నిప్పు బొమ్మలూ వరస కట్టాయి. నేనూ "అదిరింది తమ్ముడూ, కంగ్రాట్స్" అని కొట్టేసి మళ్ళీ మీటింగులోకి దూరిపోయా.

లింకు తెరవలేదు.

గుంపులో వంద పైచిలుకు మందిమి ఉన్నాం. టెస్టింగులో తలపండిన వాళ్ళున్నారు, పేమెంట్ల సాఫ్టువేరు రాసిన వాళ్ళున్నారు, స్క్రీన్ మీద బటను రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగితే నిద్రపట్టని డిజైనర్లున్నారు. ఇంతమందిలో ఒక్కడంటే ఒక్కడు "ఒక బిల్లు చేసి చూశాను" అని రాయలేదు. పెళ్ళికెళ్ళి, వడ్డన మొదలవ్వకముందే "భోజనాలు బ్రహ్మాండం" అని చెప్పి చేతులు కడుక్కున్నట్టు ఉంది మన వ్యవహారం.

దసరా వెళ్ళాక వచ్చిన ఆదివారం కోదాడలో మా మేనమామ కొట్లో కూర్చుని ఉన్నా. ఆయనది సిమెంటు, పైపులు, మేకులు, కుళాయిలు అమ్మే హార్డ్‌వేర్ షాపు. బిల్లులు చూసే కుర్రాడు సెలవులో ఉన్నాడని గొణుగుతున్నాడు. చప్పున ఈ సైటు గుర్తొచ్చింది. "మామయ్యా, మనవాళ్ళ కుర్రాడొకడు మంచి సైటు చేశాడు, చూద్దువు గానీ" అని గొప్పగా లాప్‌టాప్ తీశా. ఆ తర్వాత రెండు గంటలు జరిగింది చెప్తా. సైటు పేరు మాత్రం అడక్కండి, చెప్పను. వాళ్ళ పరువు తియ్యాలని కాదు నా బాధ.

వాకిట్లోనే

మొదటి పేజీ నిండా సూట్లు వేసుకుని నవ్వుతున్న తెల్లవాళ్ళ బొమ్మ. దాని మీద "ఎంపవరింగ్ యువర్ గ్రోత్ జర్నీ" అన్న పెద్ద అక్షరాలు. మామయ్య కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇంతకీ ఏం అమ్ముతార్రా వీళ్ళు?" అన్నాడు. బిల్లు అన్న మాట కోసం నేను కిందికి మూడు తెరల దూరం లాగాల్సి వచ్చింది.

ధర ఎక్కడుందని వెతికా. "మా సేల్స్ టీంని సంప్రదించండి" అని ఉంది. ఆలోచించండి... ఊళ్ళో వాళ్ళందరికీ బిల్లులు చేసిపెట్టే కంపెనీ తన బిల్లెంతో చెప్పదు! ఫోన్ నెంబరిచ్చి, ఓటీపీ కొట్టి, లోపలికెళ్ళాక తెలిసింది, నెలకి 299 అని. అంత చక్కటి ధరని దాచుకోవటం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. నా జేబులోంచే కట్టా. వాళ్ళు నాకు మెయిల్లో పంపిన రసీదులో కొనేవాడి జీఎస్టీ నెంబరు వెయ్యటానికి చోటే లేదు. అంటే మామయ్య ఈ ఖర్చు మీద కట్టిన పన్నుని తన లెక్కలో తిరిగి రాబట్టుకోవటం కుదరదన్నమాట. బిల్లింగు కంపెనీ, తన మొదటి బిల్లే తప్పు.

అసలు బిల్లు

రెండున్నర కిలోల మేకులు. సంఖ్య దగ్గర 2.5 అని కొడితే ఎర్ర గీత వచ్చింది. పూర్ణ సంఖ్యలే తీసుకుంటుందట. కొలత దగ్గర "పీసెస్" ఒక్కటే ఉంది. మామయ్య మేకులు కిలోల్లో, వైరు మీటర్లలో, పైపు లెంతుల్లో, కుళాయిలు డజన్లలో అమ్ముతాడు. "మేకులు లెక్కపెట్టి ఇవ్వాలా ఏంట్రా?" అన్నాడు.

హెచ్‌ఎస్‌ఎన్ కోడు 8 అంకెలూ వేస్తేగానీ ముందుకి పోనివ్వలేదు. ఏడాది టర్నోవరు 5 కోట్ల లోపున్న వాళ్ళకి 4 అంకెలు చాలు. మేకులకి 7317, ప్లాస్టిక్ పైపులకి 3917, కుళాయిలకి 8481, మామయ్యకి నోటికొచ్చు ఇవి. మిగతా నాలుగంకెలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇదే సైటు మొదటి పేజీలో ఈ-ఇన్‌వాయిసింగు గురించి మాత్రం డప్పు కొట్టుకుంది. అది 2020 అక్టోబరులో 500 కోట్ల పైబడ్డ కంపెనీలతో మొదలై, దిగుతూ దిగుతూ 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వాళ్ళ దాకా వచ్చింది. మామయ్య లాంటి వాళ్ళకి దాంతో పనే లేదు. అక్కర్లేనిది వాకిట్లో ఊరేగుతోంది, కావాల్సిన రెండున్నర కిలోలు లోపలికి పోవట్లేదు.

తర్వాత 100 రూపాయల కుళాయి. మన కొట్లలో ధర అంటే పన్ను కలిపిన ధరే. లోపల పన్ను 18 శాతం. సైటు ఏం చేసిందంటే, అసలు 84.75, సీజీఎస్టీ 7.63, ఎస్‌జీఎస్టీ 7.63. కూడండి. 100.01 వస్తుంది. వంద రూపాయల వస్తువుకి వంద రూపాయల ఒక పైసా! మూడు అంకెల్నీ విడివిడిగా రౌండ్ చేస్తే వచ్చే తిప్పలిది. పన్ను ముందు లెక్కేసి, మిగిలిన 84.74 ని అసలు అనుకుంటే సరిపోయేది. 0.1 కి 0.2 కలిపితే కంప్యూటరు 0.30000000000000004 అంటుందని, డబ్బుని పైసల్లో పూర్ణ సంఖ్యగా దాచాలని, ఇంటర్వ్యూల్లో మనమే కదా కుర్రాళ్ళని అడిగి ఏడిపించేది! మన కుర్రాడి సైటులో పైసా తప్పుంటే ఒక్కరికీ కనపళ్ళేదు. ఎందుకంటే ఒక్కరూ చూళ్ళేదు.

సిమెంటు సంగతి ఇంకా రసవత్తరం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 కి దిగింది కదా. మనవాళ్ళు చాలా చురుగ్గా ఆ రోజే 28 ని జాబితాలోంచి పీకేశారట, మెచ్చుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు మొదట్లో కొన్నాయన వాడగా మిగిలిన బస్తాలు ఆటోలో వేసుకుని తిరిగిచ్చాడు. పాత బిల్లు 28 శాతంతో చేసింది. దానిమీద క్రెడిట్ నోటు ఇవ్వాలంటే ఆ 28 తోనే ఇవ్వాలి. జాబితాలో లేదు. రేటు మారినప్పుడు పాత రేటుని చెరిపెయ్యకూడదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసిపెట్టుకోవాలి. డేటాబేసు పాఠాల్లో మొదటి నెల్లో చెప్పే ముక్కే.

ఏరు దాటితే

ఇవన్నీ చిరాకులు. అసలు ప్రమాదం వేరే ఉంది.

కోదాడ తెలంగాణ చివర. రోడ్డెక్కితే అరగంటలో జగ్గయ్యపేట, అది ఆంధ్ర. మామయ్య అక్కడి ఒక కాంట్రాక్టరుకి పైపులు లోడు పంపుతుంటాడు. రాష్ట్రం దాటింది కాబట్టి దానిమీద ఐజీఎస్టీ పడాలి. ఆ కాంట్రాక్టరు జీఎస్టీ నెంబరు 37 తో మొదలవుతుంది, అది ఆంధ్ర కోడు. తెలంగాణది 36. సైటు రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పక్కన 28 అని ఉంది. రాష్ట్రం విడిపోకముందు నాటి కోడు. 37 దానికి తెలీదు కాబట్టి, తెలీనప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, లోపలి రాష్ట్రమే అనుకుని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి చక్కటి పీడీఎఫ్ చేతిలో పెట్టింది. ఎర్ర గీత లేదు, హెచ్చరిక లేదు. రంగు రంగుల లోగోతో ముచ్చటైన తప్పుడు బిల్లు.

అది పోతే ఏమవుతుంది? తెలంగాణ ఖాతాలో పడ్డ పన్నుని ఆంధ్రలో నమోదైన కాంట్రాక్టరు వాడుకోలేడు. వాడుకోలేనప్పుడు ఊరుకోడు, "పన్ను డబ్బు మినహాయించి మిగతాది ఇస్తా" అంటాడు. మామయ్యేమో ఐజీఎస్టీ మళ్ళీ కట్టాలి, పొరపాటున కట్టినదాన్ని వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, వచ్చేదాకా ఆ డబ్బు లేకుండా కొట్టు నడపాలి. నెలకి పది లోడ్లనుకోండి. నెల తిరిగి 11వ తారీఖున జీఎస్టీఆర్-1 వేసేటప్పుడు ఎవరైనా కనిపెడితే అదృష్టం. లేకపోతే నోటీసే కనిపెడుతుంది.

మామయ్యకి నలభై ఏళ్ళ అనుభవం కాబట్టి కంటితో చూసి ఆపాడు. "ఇది పంపితే వాడు నా మొహాన కొడతాడు రా" అన్నాడు. అది తెలీని కొత్త కొట్టువాడు? మన చప్పట్లు చూసి "ఇంతమంది ఇంజనీర్లు మెచ్చుకున్నారు, బాగానే ఉంటుందిలే" అని నమ్మినవాడు? ఆ కుర్రాడు మన గుంపులో వచ్చిన మాటల్ని ఫోటో తీసి సైటులో "మావాళ్ళు ఏమంటున్నారు" అని పెట్టుకున్నాడు తెలుసా. నా "అదిరింది తమ్ముడూ" కూడా ఉంది అందులో. అది చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మన మూడు బ్యాచిలు

ఎవరైనా కొత్తగా ఏదైనా చేసి చూపిస్తే మన ఐటీ జనం మూడు బ్యాచిలుగా విడిపోతారు.

మొదటిది దండల బ్యాచి. నేనున్నది అందులోనే. తెరవం, చూడం, దండ వేసేస్తాం. మనకి ఖర్చు లేదు, ఎదుటివాడికి ఆనందం, ఇంకేం కావాలి అనుకుంటాం.

రెండోది రాళ్ళ బ్యాచి. "ట్యాలీ ఉండగా ఇదెందుకు? వ్యాపార్ ఉంది, జోహో ఉంది, వీళ్ళెక్కడ నిలబడతారు?" వీళ్ళూ తెరవరు. ట్యాలీ ఎందుకు పాతుకుపోయిందో కూడా వీళ్ళకి పట్టదు. మౌసు ముట్టుకోకుండా ఎఫ్8 నొక్కి అమ్మకం బిల్లు మొదలెట్టి, చెయ్యి కీబోర్డు మీంచి తియ్యకుండా ముగించొచ్చు, కొట్లో రద్దీ ఉన్నప్పుడు అదే ప్రాణం. ఆ ముక్క చెప్పినా ఆ కుర్రాడికి ఉపయోగపడేది. రాయి విసరటం మాత్రమే తెలిసినవాడికి అది చెప్పాలని తోచదు.

మూడోది సలహాల బ్యాచి. అన్నిటికంటే ప్రమాదం వీళ్ళతోనే. "ఏఐ పెట్టు తమ్ముడూ. చాట్‌బాట్ పెట్టు. దుబాయ్ మార్కెట్ చూడు." రెండున్నర కిలోల మేకులు ఎక్కని సైటుకి చాట్‌బాట్! పాపం ఆ కుర్రాళ్ళు ఈ మాటలు పట్టుకుని రెండు నెలలు అటు పరిగెడతారు.

చిత్రమేంటంటే, ఈ మూడు బ్యాచిల వాళ్ళూ పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏం చేస్తారు? పక్కవాడు రాసిన కోడు లైను లైనూ చదివి వ్యాఖ్యలు రాస్తారు. బగ్గు రాయాలంటే ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది అని మూడు ముక్కల్లో పొందిగ్గా రాస్తారు. ఎక్కడో అమెరికాలో మొహం కూడా చూడని కంపెనీ కోసం ఇంత శ్రద్ధ. మన కుర్రాడు నోరు తెరిచి అడిగితే మాత్రం నిప్పు బొమ్మ.

"మనవాళ్ళని ప్రోత్సహించాలి కదండీ"

ఈ మాట నాకు ఇప్పటికే ముగ్గురు చెప్పారు. నేను ఆ రాత్రి గుంపులో "ఐజీఎస్టీ తప్పు పడుతోంది, వెంటనే చూడండి" అని రాస్తే, ఒకాయన "పాపం పసివాళ్ళు, మొదట్లోనే నెగటివ్ ఎందుకు" అని నన్ను మందలించాడు. పసివాళ్ళు ఎవరండీ? డబ్బు తీసుకుని బిల్లింగు అమ్ముతున్నారు. ఏదో బొమ్మలేసే ఆప్ అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. ఇది ఒకడి పన్ను లెక్క. ఇందులో తప్పు వస్తే ఆ నష్టం మనకీ కాదు, ఆ కుర్రాడికీ ముందుగా కాదు, కొట్టు గల్లా దగ్గర కూర్చున్నవాడికి. ప్రోత్సాహం కావాలంటే 299 కట్టి కొనండి. అది వాళ్ళకి చప్పట్ల కంటే పనికొస్తుంది.

ఇంకో మాట కూడా విన్నా. "ఊరికే టెస్టింగు చేసిపెట్టాలా? మన టైముకి విలువ లేదా?" ఇందులో న్యాయం ఉంది, కాదనను. స్నేహం పేరు చెప్పి నెలల తరబడి ఊడిగం చేయించుకునే స్టార్టప్పులు నేనూ చూశా. అందుకే హద్దు పెట్టుకోండి. ఒక గంట, ఒకే ఒక్క బిల్లు. అంతకుమించి కావాలంటే "తమ్ముడూ, మనిషిని పెట్టుకో, లేదా నాకు డబ్బివ్వు" అని మొహమ్మీదే చెప్పండి. ఆ గంట కూడా లేకపోతే "చూడటానికి కుదరలేదు, శుభాకాంక్షలు" అనండి. అబద్ధం లేని శుభాకాంక్షకి ఎవరూ నొచ్చుకోరు.

నేను రాసింది

మర్నాడు కుర్రాడికి విడిగా రాశా. నా దగ్గర పదిహేడు అంశాలు పోగయ్యాయి. అన్నీ పంపితే ఏది ముందో తెలీక తల పట్టుకుంటాడని అయిదుకి కుదించా. వరస కూడా నా చిరాకుని బట్టి కాదు, కొట్టువాడి నష్టాన్ని బట్టి. మొదటిది రాష్ట్రం కోడు, ఐజీఎస్టీ. రెండు, పైసా తేడా. మూడు, పాత రేటుతో క్రెడిట్ నోటు. నాలుగు, దశాంశాలూ కొలతలూ. అయిదు, ధర పైకి కనపడటం. ఒక్కోదాని కింద నేను కొట్టిన అంకెలు, వచ్చిన బిల్లు ఫోటో, రావాల్సిన లెక్క. తెల్లవాళ్ళ బొమ్మ గురించి ఒక్క ముక్క రాయలేదు. అది వాడి ఇల్లు, వాడిష్టం.

నచ్చినవీ రాశా, ఉత్తినే మర్యాదకి కాదు. వస్తువు పేరు తెలుగులో కొడితే వెతికిపెట్టింది. థర్మల్ ప్రింటరు మీద తెలుగు ఒత్తులతో సహా వచ్చింది. ఆ చవక ప్రింటర్లకి తెలుగు రాదు, అక్షరాల్ని బొమ్మగా మార్చి పంపాలి. ఆ పని వాళ్ళు శ్రద్ధగా చేశారు. రసీదు మీద "ముప్పావు ఇంచి పైపు" అని తెలుగులో చూసి మామయ్య దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఏది తీసెయ్యకూడదో చెప్పటం కూడా ఫీడ్‌బ్యాకే. లేకపోతే వచ్చే వెర్షనులో "ఎవరూ వాడట్లేదు" అని మొదట దాన్నే పీకేస్తారు.

రెండు రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నా. మూడోరోజు రాత్రి ఫోను. "అన్నా, మేం హైదరాబాద్ అడ్రసులతోనే టెస్ట్ చేశాం" అన్నాడు. గొంతు దిగిపోయి ఉంది. కాసేపాగి, "పైసా సంగతి నిజంగా ఎవరైనా చూస్తారా అన్నా?" అన్నాడు. మామయ్యకి ఫోనిచ్చా. "రోజుకి రెండొందల బిల్లులు బాబూ. రాత్రి గల్లా లెక్క కలవకపోతే నేను కుర్రాణ్ణి అనుమానిస్తా. నీ పైసా వాడి ఉద్యోగం మీదకొస్తుంది" అన్నాడు ఆయన. ఇరవై ఏళ్ళు సాఫ్టువేరు రాసిన నాకు ఈ సంగతి తట్టలేదు. నేను ఫ్లోటింగ్ పాయింట్ దగ్గరే ఆగిపోయా.

అడిగేవాళ్ళకీ ఒక మాట

తమ్ముళ్ళూ, "ఎలా ఉంది?" అని అడక్కండి. అలా అడిగితే "బాగుంది" అనే వస్తుంది. "పక్క రాష్ట్రానికి ఒక బిల్లు చేసి ఎక్కడ ఆగిపోయారో చెప్పండి" అని అడగండి. పని పురమాయిస్తే మావాళ్ళు చేస్తారు, అభిప్రాయం అడిగితే బొమ్మ పెడతారు. తప్పు చూపించినవాడితో "అది ఫేజ్ టూలో ఉందండీ" అనకండి, పన్నుకి ఫేజ్ టూ లేదు. "యూజర్లకి ట్రెయినింగ్ ఇస్తాం" అసలు అనకండి. మామయ్య నలభై ఏళ్ళుగా బిల్లులు రాస్తున్నాడు, ట్రెయినింగ్ కావాల్సింది ఎవరికో మీరే తేల్చుకోండి. ఇంజనీర్ల గుంపులో పెట్టే ముందు ఏ కోదాడకో, ఏ తునికో బస్సెక్కి ఒకరోజు కొట్లో కూర్చోండి. టీ కూడా వాళ్ళే పోయిస్తారు.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తా. రాష్ట్రం కోడు వారంలో సరిచేశారు. అప్పటిదాకా తప్పు బిల్లులు వెళ్ళిన ఖాతాదారులకి వాళ్ళే ఫోన్ చేసి చెప్పారు, అందుకు మాత్రం నిజంగా దండ వెయ్యాలి. పైసా సరిపోయింది. రెండున్నర కిలోలు ఎక్కుతోంది. ధర మాత్రం ఇంకా సేల్స్ టీం దగ్గరే దాక్కుని ఉంది. సైటులోంచి నా "అదిరింది తమ్ముడూ" తీసెయ్యమని అడిగా, తీసేశారు. దాని బదులు ఏం పెట్టమంటారని అడిగితే, ఇంకో ఆర్నెల్లు మామయ్య వాడాక ఆయన్నే అడగమన్నా.

మీ ఫోన్లోనూ ఇలాంటి లింకు ఒకటి తెరవకుండా పడి ఉండే ఉంటుంది. దండ ఇప్పటికే వేసేసి ఉంటారు కూడా. ఫరవాలేదు, నేనూ వేశా. వెళ్ళి ఒక్క బిల్లు చేసి రండి.